బిళ్ళగన్నేరు సూది

బిళ్ళగన్నేరు ఆకు నమిలితే కాన్సర్ తగ్గుతుందటగా అని ఈమధ్య నన్ను నలుగురైదుగురు అడిగారు. ఒకావిడ ఏకంగా ఆకులు కోసి పొట్లం కట్టుకొచ్చి, పరగడుపున తినాలా, అన్నం తిన్నాక తినాలా అంది. నేను ఆ పొట్లం లాక్కుని పక్కన పెట్టి, ముందు కూర్చోమన్నాను. నేనివాళ బతికి, బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ తిరుగుతున్నది ఆ మొక్క చలవ వల్లే. అందులో అబద్ధం లేదు. కానీ ఆకు నమిలి మాత్రం కాదు. ఆకు కాచి తాగించి నన్ను దాదాపు సాగనంపినంత పని చేశారు ఇద్దరు పెద్దవాళ్ళు. ఒకరు మా అత్తయ్యగారు, ఇంకొకరు మేం అద్దెకుండే ఇంటి యజమానురాలు రాజమ్మక్క. వాళ్ళిద్దరంటే నాకున్న ప్రేమ ఇంతా అంతా కాదు. ఇది వాళ్ళ మీద ఫిర్యాదు అనుకోకండి. అంత మంచి మనసులు కూడా ఎక్కడ పొరపాటు పడతాయో నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

మాది బందరు. మావారు కర్నూలులో గుమాస్తాగా ఉంటూ, రాష్ట్రం ఏర్పడగానే ఆఫీసుతో పాటు హైదరాబాదు వచ్చారు. నాంపల్లి స్టేషను వెనక సందులో రాజమ్మక్క వాళ్ళింట్లో రెండు గదుల వాటా దొరికింది. నాలుగు నెలలుండి మంచి ఇల్లు చూసుకుందామని దిగాం, ఇప్పటికీ అక్కడే ఉన్నాం. రాజమ్మక్క భర్తకు ఆబిడ్స్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం. మొదట్లో ఆవిడ మాటల్లో సగం నాకు అర్థమయ్యేవి కావు, నా మాటలకు ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయేది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో ఊరు ఊరంతా అటూ ఇటూ అయినప్పుడు, ఆంధ్రావాళ్ళని మమ్మల్ని ఖాళీ చేయించమని ఎవరో సలహా చెబితే, "వాళ్ళు నా కిరాయిదార్లు, మీ ఫికర్ మీరు చూస్కోండ్రి" అని పంపేసిందట. ఆ మాట నాకు ఏడాది తర్వాత ఇంకెవరో చెబితే తెలిసింది.

ఆ ఇంటి వాకిట్లో డాల్డా డబ్బాల నిండా బిళ్ళగన్నేరు మొక్కలుండేవి, తెల్లవీ గులాబీవీ. రోజూ పొద్దున్నే రాజమ్మక్క పూజకు అవే పూలు. గన్‌ఫౌండ్రీ దగ్గర ఆడపిల్లల బళ్ళో నేను ప్రకృతిశాస్త్రం చెప్తాను. పువ్వు భాగాల పాఠం వచ్చినప్పుడు నేనూ ఆ డబ్బాల్లోంచే నాలుగు కోసుకుని సంచిలో వేసుకు వెళ్ళేదాన్ని. ఎన్నిసార్లు నల్లబల్ల మీద సుద్దముక్కతో దాని ఐదు రేకులూ గీశానో! గీశానే గానీ, దాని కడుపులో ఏముందో నాకేం తెలుసు.

డెబ్భై చలికాలం

ఆపరేషన్ గురించి ఎక్కువ రాయను. ఎడమ రొమ్ము తీసేశారు. ఆ తర్వాత చాలాకాలం నేను అద్దం ముందు ముఖం వరకే చూసుకునేదాన్ని. మావారు ఆ మాటే ఎత్తేవారు కాదు. ఎత్తితే నేను ఏడుస్తానని ఆయన భయం, ఎత్తకపోతే అసహ్యమేమోనని నా భయం. ఇద్దరం ఒకరికొకరు మంచి చేస్తున్నామనుకుని నెలల తరబడి అలా గడిపాం. ఒకరోజు రాజమ్మక్కే నన్ను ఆబిడ్స్‌లో తనకు తెలిసిన దర్జీ దగ్గరికి లాక్కుపోయి, జాకెట్టు లోపల దూది మెత్త పట్టేలా జేబు కుట్టమని, నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, గిన్నెకు మాటు వేయించినంత మామూలుగా చెప్పింది. ఆ దర్జీ కూడా తల పైకెత్తకుండా కొలత రాసుకున్నాడు. వాళ్ళిద్దరికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఎడమ చెయ్యి పైకి లేచేది కాదు. జడ వేసుకోలేను, మెడకు పసుపు రాసుకోలేను. అందుకని శుక్రవారం తలంటుకున్నాక రాజమ్మక్క వచ్చి మెడకు పసుపు రాసి బొట్టు పెట్టేది.

నాకు సాయానికని అత్తయ్యగారు బందరు నుంచి వచ్చారు. మామగారు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. గిన్నెలో పసుపు కలుపుతున్నారని తెలిస్తే చాలు, ఆవిడ గదిలోంచి లేచి వెళ్ళి గడప అవతల కూర్చునేవారు. పసుపు మీద తన చెయ్యి పడకూడదని ఆవిడ పట్టింపు. ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ ఉండమనీ అనలేదు. మాకు పిల్లలు లేరు. ఆ లోటు నా వల్లేనని ఆవిడ నమ్మకం. దెప్పి పొడిచే మనిషి కాదు, నాతో అవసరానికి మించి మాట్లాడేవారు కాదు, అంతే.

రాజమ్మక్కకూ ఆవిడకూ అసలు పొసగలేదు. ఆ జొన్నరొట్టెలు ఎలా మింగుతారో అని అత్తయ్యగారు, గంత నెయ్యి పోసుకుంటే పానం బాగుంటదా అని రాజమ్మక్క. మధ్యలో నేను మంచం మీద పడుకుని ఇద్దరి మాటలకూ ఊఁ కొడుతుండేదాన్ని.

డెబ్భై ఒకటి శ్రావణం

శ్రావణ శుక్రవారం. రాజమ్మక్క పసుపు రాస్తూ రాస్తూ ఎడమ వైపు మెడ ఎముక పైన ఆగింది. వేలు మళ్ళీ అక్కడికే వచ్చింది. ఏమిటక్కా అన్నాను. ఏం లేదంది. కానీ బొట్టు పెట్టడం మరిచిపోయి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక నేనే తడుముకున్నాను. చింతగింజంత గడ్డ. అది ఏమిటో నాకు డాక్టరు చెప్పనక్కర లేకపోయింది.

లక్డీకాపూల్ వైపు నడిచి వెళ్ళేంత దూరంలోనే ప్రభుత్వ దవాఖాన. అక్కడి వసారాలో బెంచీల మీద నా జీవితంలో ఎంతకాలం గడిచిందో! అక్కడ ఎవరూ జబ్బు పేరు పలకరు. ఏ గదిలోకి వెళ్ళాలో అడుగుతారు, ఏ ఊరో అడుగుతారు. కాచిగూడ నుంచి ఒకావిడ వచ్చేది, ఎప్పుడూ ఫ్లాస్కుతో టీ తెచ్చి, పక్కన ఎవరుంటే వాళ్ళకు మూతలో పోసి ఇచ్చేది. ఒకసారి ఆవిడ రాలేదు. మరుసటి వారమూ రాలేదు. మేమెవరం అడగలేదు. నేను ఆ తర్వాత నుంచి మావారి చేత ఇరానీ హోటల్లో బిస్కట్లు కొనిపించి తీసుకెళ్ళి పంచడం మొదలుపెట్టాను.

నన్ను చూసిన డాక్టరమ్మ ఈ ఊరి మనిషే. సన్నగా, నెరిసిన జుట్టుతో, గొంతు పెంచకుండా మాట్లాడేది. ఆవిడ మొదలుపెట్టిన మందు భలే పనిచేసింది. దీపావళికల్లా గడ్డ చేతికి తగిలీ తగలనట్టయింది. బతికిపోయాననుకున్నాను. అందరికీ చెప్పాను కూడా.

సంక్రాంతి దాటాక, అదే మందు తీసుకుంటూ ఉండగానే, గడ్డ మళ్ళీ పెరిగింది. ఈసారి నల్లపూసలు దాని మీద నిలబడి ఒక పక్కకు ఒరిగేవి. మందు మానేస్తే పెరిగిందంటే అర్థం చేసుకుందును. బుద్ధిగా వాడుతుంటే పెరగడమేమిటి? నేను డాక్టరమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆవిడ అంతా విని, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"టీచరమ్మా, మీ ఇంట్ల మంచానికి నల్లులు పట్టినయ్ అనుకోండి. పోయినేడు పొడి కొడ్తె చచ్చినయ్. ఈయేడు గదే పొడి కొడ్తె చస్తలేవు. అప్పుడేం చేస్తరు?"

"మంచం బయట పారేస్తాం," అన్నాను ఒళ్ళు మండి.

"మంచం పారేసుడు లేదు. పొడి మారుస్తం."

నా ఒంటిని నల్లుల మంచంతో పోల్చినందుకు కోపం వచ్చింది, ఆ కోపంలోనే నవ్వూ వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది. గడ్డలోని కణాలు మొదటి మందుకు అలవాటు పడిపోయాయనీ, ఎంత పెంచినా ఇక లాభం లేదనీ, వేరే తీరులో పనిచేసేది కావాలనీ ఆవిడ ఓపిగ్గా చెప్పింది. అలాంటిది ఒకటుందట. మొక్క నుంచి తీస్తారట. ఏ మొక్కో తెలుసా అని అడిగి, నేను తెల్లమొహం వేస్తే, బిళ్ళగన్నేరు అంది. మన దక్షిణాది ఆకే మూటలుగా ఓడెక్కి విదేశాలకు పోయి, చిన్న సీసాలో పొడై తిరిగొస్తుందట. పనిచేస్తుందని మాట ఇవ్వలేననీ, చేసిన వాళ్ళున్నారనీ కూడా చెప్పింది. అబద్ధపు ధైర్యం చెప్పని ఆ మనిషి మీద నాకు అప్పుడే గురి కుదిరింది.

ఇంటికొచ్చి వాకిట్లో ఆ డబ్బాల ముందు నిలబడిపోయాను. రోజూ దాటుకుంటూ వెళ్ళే మొక్క! మావారు, నేను, అత్తయ్యగారు, రాజమ్మక్క నలుగురం దాన్ని చుట్టం వచ్చినట్టు చూశాం.

డెబ్భై రెండు ఎండాకాలం

సూది వారం వారం. నరం దొరక్కపోతే నర్సమ్మ వేడినీళ్ళ సీసా నా చేతి మీద పెట్టి, తన చేత్తో అదిమి పట్టుకుని, ఊళ్ళో కబుర్లు చెబుతూ కూర్చునేది. మందు చుక్క పక్కకు జారితే చర్మం కాలిపోతుందట, అందుకని సూది గుచ్చేటప్పుడు మాత్రం ఆ గదిలో ఎవరూ మాట్లాడేవారు కాదు. రెండు మూడు సూదులయ్యాక దవడలు లాగేవి, పొట్ట కదిలేది కాదు, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కేవి. బళ్ళో సుద్దముక్క చేతిలో ఉందో లేదో చూసుకుంటే గాని తెలిసేది కాదు. పై గదికి మెట్లెక్కలేనని మా హెడ్మిస్ట్రెస్‌కు నేను చెప్పనేలేదు. ఒకరోజు వెళ్ళేసరికి నా తరగతి మొత్తం కింది గదిలోకి మారి ఉంది.

కానీ గడ్డ మెత్తబడుతోంది. నా వేలికి తెలుస్తోంది. శుక్రవారం రాజమ్మక్క వేలికీ తెలుస్తోంది.

సరిగ్గా అప్పుడు అత్తయ్యగారూ రాజమ్మక్కా స్నేహితులైపోయారు. నేను బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో గుసగుసలు. నన్ను చూడగానే ఊరుకునేవారు. అత్తయ్యగారి నోట రాజమ్మక్క యాసలో "ఔ" అన్న మాట విని నేను ఆశ్చర్యపోయాను. జబ్బు వల్ల ఇంట్లో ఒక మంచి జరిగిందని మావారితో కూడా అన్నాను.

పొట్ట కదలడానికని అత్తయ్యగారు పొద్దున్నే ధనియాలు, జీలకర్ర, శొంఠి వేసి కషాయం కాచి ఇచ్చేవారు. కొద్దిరోజులుగా అది మరీ చేదుగా ఉండేది, బెల్లం కూడా ఎక్కువే పడేది. నా నోటి రుచే పాడైందనుకుని కళ్ళు మూసుకుని తాగేసేదాన్ని. తర్వాత నిలబడితే కళ్ళు తిరగడం మొదలైంది. గన్‌ఫౌండ్రీ దగ్గర ఒకరోజు నడుస్తూ నడుస్తూ బ్యాంకు గోడ పట్టుకుని కూలబడ్డాను.

ఆ వారం సూదికి ముగ్గురం వెళ్ళాం. నేను లోపల, అత్తయ్యగారూ రాజమ్మక్కా తలుపు పక్కన బెంచీ మీద. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, బీపీ చూసి, మళ్ళీ చూసి, సిద్ధం చేసిన సూది పళ్ళెంలో పెట్టేసింది. ఈ స్థితిలో ఇవ్వలేను, తెల్లకణాలు మరీ పడిపోయినయ్, ఎప్పుడు ఇవ్వగలనో కూడా చెప్పలేను అంది. వేరే మందులేమైనా వాడుతున్నావా అని అడిగింది. లేదని ఒట్టు పెట్టుకున్నట్టు చెప్పాను. ఆపితే అది మళ్ళీ పెరుగుతుందా అని అడిగాను. ఆవిడ నా మెడ మీద గడ్డను మళ్ళీ తడిమి చూసింది.

తలుపు తెరుచుకుంది. రాజమ్మక్క లోపలికొచ్చి నిలబడింది.

"డాక్టరమ్మా, తప్పు నాది. గా బిళ్ళగన్నేరు ఆకు నేనే తెంపిచ్చిన. పెద్దమ్మకు ఏం తెల్వదు."

ఆవిడ వెనకాలే అత్తయ్యగారు, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. "అబద్ధమమ్మా. కాచింది నేను, తాగించింది నేను. ఆవిడ పూజకు పూలు కోసుకుంటుంటే నేనే అడిగి ఆకులు కోయించాను. వారానికోసారి పిసరంత సూదికే ఇంత గుణం ఇస్తుంటే, రోజూ గ్లాసుడు తాగితే త్వరగా తగ్గుతుందనుకున్నాం."

ఒకరి తప్పు ఒకరు లాక్కుంటూ ఇద్దరూ ఏడుస్తున్నారు. నాకు కోపం రావాలి. రాలేదు. పిల్లలు లేరని పదిహేనేళ్ళు నాతో ముభావంగా ఉన్న మనిషి, నేను చావకూడదని తెల్లవారకముందే లేచి కషాయం కాస్తోందన్న సంగతే నా మనసులో నిండిపోయింది.

డాక్టరమ్మ ఎలా మాట్లాడిందో నేను ఎప్పటికీ మరచిపోను. తిట్టలేదు. ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి నీళ్ళు తెప్పించింది.

"సూదిల ఉన్న అసలు మందు పిసరంత దొరకాల్నంటె బస్తాలకు బస్తాలు ఆకు కావాలె. ఆ ఆకుల ఇంకా ఎన్నో గుణాలున్నయ్. ఒకటి బీపీ దించుతది, ఒకటి షుగర్ దించుతది, కొన్ని ఏం చేస్తయో నాకు గూడ తెల్వదు. తెల్లకణాలు పడిపోవుడు సూదితోని గూడ అయితది, మొత్తం మీ వల్లనే అనను. కాని నేను ఎంత ఇచ్చిన్నో నాకు తెలుసు, మీరెంత ఇచ్చిన్రో మీకు తెల్వదు. పూలు దేవునికి పెట్టుండ్రి. ఆకు నాకు వదిలిపెట్టుండ్రి."

ఇద్దరూ తల ఊపారు. బయటికొచ్చేటప్పుడు డాక్టరమ్మ అత్తయ్యగారి భుజం మీద చెయ్యి వేసి, కోడలికి పెసరకట్టు, పాలు, గుడ్డు తింటానంటే గుడ్డు పెట్టమని, అది మీరే చూసుకోవాలని అప్పగించింది. చేతులు ఖాళీగా ఉంటే ఈ ముసలాళ్ళు కుమిలిపోతారని ఆవిడకు ఎలా తెలుసో!

ఇంటికొచ్చీ రాగానే అత్తయ్యగారు డబ్బాల్లో మొక్కలన్నీ పీకి సందు చివర పారేశారు. రాజమ్మక్క అడ్డుపడలేదు. ఆ రోజు నుంచి పూజకు పూలు బజార్లో కొనుక్కొచ్చేది.

ఆ తర్వాత సూది లేని వారాలే నా జబ్బు మొత్తంలో గడ్డురోజులు. ఆపరేషన్‌కు కూడా నేను అంత భయపడలేదు. మందు దొరికింది, పనిచేస్తోంది, కానీ తీసుకునే ఓపిక ఒంట్లో లేదు. మెడ మీద చెయ్యి వెయ్యకూడదనుకునేదాన్ని, బల్ల మీద బొమ్మ గీస్తూ గీస్తూ రెండో చెయ్యి అక్కడే ఉండేది. ఇంట్లో మావారు వాళ్ళమ్మతో మాట్లాడడం మానేశారు. వడ్డిస్తే తినేవారు, లేచిపోయేవారు. ఆవిడ రోజురోజుకీ చిక్కిపోయారు. చివరికి నేనే ఒక ఆదివారం ఆయన్ని ఆబిడ్స్ వైపు నడిపించుకు వెళ్ళి, పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు చూస్తున్నట్టు నిలబడి చెప్పాను. నాకు ఏమైనా అయితే ఈ అలకతో మీరిద్దరూ మిగులుతారు, అది నాకు జబ్బు కంటే భయం అన్నాను. ఆయన ఒక పుస్తకం తెరిచి చాలాసేపు అలాగే పట్టుకున్నారు. ఇంటికెళ్ళాక, అమ్మా మంచినీళ్ళు అన్నారు. ఆవిడ గ్లాసు తెచ్చి ఇచ్చి, ఆయన తాగేదాకా పక్కనే నిలబడ్డారు.

ఆషాఢం వచ్చేసరికి తెల్లకణాలు పెరిగాయి. సూది మళ్ళీ మొదలైంది, మొదట్లో సగం, తర్వాత పూర్తిగా. గడ్డ పెరిగిందో తగ్గిందో నేను అడగలేదు, డాక్టరమ్మ కొలుచుకుని రాసుకునేది. ఆ వానల్లో వాకిట్లో నీళ్ళు పోయే తూము పక్కన, రాళ్ళ సందులోంచి, బిళ్ళగన్నేరు తనంత తనే మొలిచింది. అత్తయ్యగారు చూశారు. పీకలేదు.

ఒక భాద్రపద శుక్రవారం

పండగ కాదు, పబ్బం కాదు, మామూలు శుక్రవారం. తలంటుకుని పీట మీద కూర్చున్నాను. రాజమ్మక్క పసుపు కలిపింది. అత్తయ్యగారు ఎప్పటిలాగే గడప అవతల, మా వైపు వీపు పెట్టుకుని.

రాజమ్మక్క కుడి వైపు రాసి, ఎడమ వైపుకొచ్చింది. ఎముక పైన వేలు ఆగింది. ఇంకొంచెం పైన, ఇంకొంచెం కింద వెతికింది. పోయినేడు కూడా ఈ వేలు ఇలాగే ఆగింది. పెరిగిందేమో, అడిగే ధైర్యం లేదు.

"పెద్దమ్మా," అని పిలిచింది రాజమ్మక్క. "జర గిట్ల రా. నాకు దొర్కుతలేదు. నువ్వు జూడు."

అత్తయ్యగారు లేచి గడప దాకా వచ్చి ఆగిపోయారు. నా మెడ నిండా తడి పసుపు. ఆవిడ తన చేతి వైపు చూసుకున్నారు. నేను అత్తయ్యగారూ అన్నాను. ఆవిడ గడప దాటి వచ్చి, నా పక్కన కూర్చుని, వేళ్ళు నా మెడ మీద పెట్టారు. ఎముక పొడవునా నిదానంగా వెతికారు. కళ్ళు మూసుకుని మళ్ళీ వెతికారు.

"లేదే అమ్మాయ్," అన్నారు.

తర్వాత డాక్టరమ్మ చూసి అదే మాట అంది. ఇది మళ్ళీ ఎప్పుడైనా రావచ్చనీ, చూసుకుంటూ ఉండాలనీ కూడా అంది. నాలుగేళ్ళుగా చూసుకుంటూనే ఉన్నాం. ఆ మొక్క లోపల అంత బలమున్న దాన్ని కనిపెట్టిన వాళ్ళెవరో నాకు తెలియదు, వాళ్ళకు నా దండాలు. దాన్ని బస్తాల ఆకులోంచి తీసి, నా ఒంటికి ఎంతో తూచి ఇచ్చిన ఆ డాక్టరమ్మకు ఇంకా పెద్ద దండం. ఆకు పొట్లంతో వచ్చిన ఆవిడను నేనే ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళాను.

ఇక మా ఇంటి సంగతి. నా చెయ్యి ఇప్పుడు బాగానే లేస్తుంది, పసుపు నేనే రాసుకోగలను. రాసుకోను. ఆ రోజు అత్తయ్యగారు పసుపు వేళ్ళు కడుక్కోవడానికి లేవలేదు, అలాగే నా బొట్టు కూడా ఆవిడే పెట్టారు. అప్పటి నుంచి శుక్రవారాలు ఆవిడవే. పసుపు రాస్తూ ఎడమ వైపు ఎముక పైన ఆవిడ వేళ్ళు ఆగుతాయి. నేను తల ఎత్తి, ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. ఏమీ లేదని ఆవిడకు నమ్మకం కుదిరాకే నా నుదుట బొట్టు పడుతుంది.